నాలుగు గురువారాల పాస్, ఒక సెక్యూరిటీ గార్డు

ఫాదర్స్ డేకి ఈసారి మా అమ్మాయి షర్టు కొనలేదు. సినిమా పాస్‌లు రెండు కొని, ఒకటి నా చేతిలో పెట్టి, ఒకటి తను ఉంచుకుంది. "నాన్నా, నాలుగు గురువారాలు ఫోన్ ఇంట్లో పెట్టి నాతో రావాలి, అదే గిఫ్టు" అంది. డాలస్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక పాత సింగిల్ స్క్రీన్ హాలు ఉంది. పాత సినిమాలు, ఎవరూ తెచ్చి ఆడించని సినిమాలు వేస్తుంటారు. ఈసారి "నేరం చేసిన కుర్రాళ్లు" అన్న వరసలో నాలుగు సినిమాలు పెట్టారు. ప్రతి సినిమా తర్వాత ముప్పై నిమిషాలు చర్చ. హాలు పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే తెలుస్తుంది. ఈ ఊళ్లో సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు.

ముందు డబ్బుల సంగతి. పాస్ 44 డాలర్లు. విడిగా కొంటే టికెట్ 14, అంటే నాలుగూ చూస్తే 12 డాలర్లు మిగులు. వెనక పార్కింగ్ ఉచితం. హాల్లో నూట నలభై సీట్లు ఉంటాయేమో, ఈమధ్యే కొత్త గుడ్డ వేయించారు. మోకాళ్లు ముందు సీటుకి తగలవు. బొమ్మ, సౌండు రెండూ బాగున్నాయి, ఫిర్యాదు లేదు. ఏసీ మాత్రం పగబట్టినట్టు వేస్తారు. జులైలో బయట నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్, లోపల నేను స్వెటర్‌లో. పాప్‌కార్న్ తాజాగా వేస్తారు గానీ ఉప్పు తప్ప ఇంకే రుచీ ఉండదు. రెండో వారం నుంచి మా అమ్మాయి చిన్న డబ్బాలో కందిపొడి, కారం కలిపి తెచ్చింది. పాప్‌కార్న్ మీద కందిపొడి ఒకసారి వేసుకుని చూడండి.

ఇక నా సంగతి రెండు ముక్కలు. ఇది తెలియకపోతే మిగతా రివ్యూ అర్థం కాదు. మాది తెనాలి. ఈ దేశం వచ్చాక మొదట వేరే పనులు చేసి, తర్వాత గార్లాండ్ వైపు ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్ తీసుకున్నాను. పదకొండేళ్లు నడిపాను. రెండేళ్ల కిందట అమ్మేశాను. పదకొండేళ్లు గల్లా వెనక నిలబడ్డవాడికి ఒక రోగం అంటుకుంటుంది. తలుపు గంట మోగగానే వచ్చినవాడి మొహం కంటే ముందు చేతులు చూస్తాడు. సినిమాలో కుర్రాళ్లు షాపులోకి వస్తుంటే కూడా నా కళ్లు వాళ్ల చేతుల మీదే ఉంటాయి.

మొదటి గురువారం "ద బ్లింగ్ రింగ్". సోఫియా కొప్పోలా 2013లో తీసింది. నిజంగా జరిగిన కథే. 2008 అక్టోబరు నుంచి 2009 ఆగస్టు దాకా లాస్ ఏంజెలెస్‌లో బాగా ఉన్న కుటుంబాల పిల్లలు కొందరు సినిమా తారల ఇళ్లలో దూరి, దాదాపు 30 లక్షల డాలర్ల సొత్తు ఎత్తుకుపోయారు. ఏ తార ఏ రోజు ఊళ్లో ఉండదో ఇంటర్నెట్‌లో చూసుకోవడం, అడ్రసు వెతుక్కోవడం, వెళ్లి తలుపు తోసి చూడటం. అదే వాళ్ల పథకం అంతా. పారిస్ హిల్టన్ ఇంటి తాళంచెవి గుమ్మం ముందు డోర్‌మ్యాట్ కింద దొరికింది. వాళ్లు ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లారు. చాలా రోజుల దాకా ఆమెకి తెలియనే లేదు. సినిమాలో కనిపించే ఇల్లు కూడా ఆమెదే, షూటింగ్‌కి తనే ఇచ్చింది. సోఫా మీద దిండ్లన్నిటికీ తన మొహమే అచ్చు వేయించుకుంది.

హాలు నిండిపోయింది. నవ్వులే నవ్వులు. చెప్పుల గదిలో పిల్లలు నోళ్లు తెరిచారని నవ్వు. తల్లి ఇంట్లోనే పాఠాలు చెబుతూ, అనుకుంటే అయిపోతుందనే బాపతు పుస్తకం చూపిస్తుంటే నవ్వు. అరెస్టయిన అమ్మాయి కెమెరా ముందు నిలబడి, ఏమో, నేను రేపు ఒక దేశాన్నే నడపచ్చు అన్న తరహాలో మాట్లాడితే హాలు ఊగిపోయింది. నేనూ నవ్వాను, కళ్లనీళ్లు వచ్చేలా. నవ్వాల్సిన సినిమాయే మరి. ఒక్క షాటు మాత్రం నవ్వనివ్వలేదు. రాత్రిపూట కొండ మీద ఒక అద్దాల ఇల్లు, కెమెరా దూరంగా ఎక్కడో. గదుల్లో దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఇద్దరు పిల్లలు చీమల్లా తిరుగుతుంటారు. చప్పుడు ఉండదు. బొమ్మరిల్లుని ఎవరో దోచుకుంటున్నట్టు ఉంటుంది. ఆ కెమెరామన్ హారిస్ సవిడెస్ సినిమా విడుదల కాకముందే పోయాడు. సినిమా ఆయనకే అంకితం.

చర్చ నడిపింది కాలేజీలో సినిమా పాఠాలు చెప్పే ఒక మాస్టారు. వినయస్థుడు, గొంతు కొంచెం చిన్నది. మైకు పట్టుకున్నవాళ్లంతా ఒకే రకంగా మాట్లాడారు. సోషల్ మీడియా పాడు చేసింది, అమ్మానాన్నలు పట్టించుకోలేదు, పేరు పిచ్చి, పాపం పిల్లలు. "పిల్లలు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టలేదు. మా అమ్మాయి లెక్కపెట్టిందట, పంతొమ్మిది.

కారులో అడిగింది. "నాన్నా, మన స్టోర్‌లో దొరికిపోయిన అమ్మాయిలు గుర్తున్నారా?" గుర్తున్నారు. ఎదురుగా ఉన్న హైస్కూల్ నుంచి ఇద్దరు తెల్లమ్మాయిలు వచ్చేవాళ్లు. రోజూ నవ్వుతూ పలకరించేవాళ్లు. ఒకరోజు కాటుక పెన్సిళ్లు, లిప్‌స్టిక్‌లు బ్యాగులో వేసుకుంటుంటే చూశాను. లోపలికి పిలిచి, ఒకమ్మాయి తల్లికి ఫోన్ చేయించాను. ఆవిడ వచ్చి డబ్బు కట్టి, సారీ చెప్పి, కూతుర్ని అక్కడే నాలుగు తిట్లు తిట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్ల మొహం ఎలా మాడిపోయిందో అనుకరించి చూపించి, ఇంట్లో అందర్నీ నవ్వించాను. మా అమ్మాయి ఆ మాట అంది, అంతే. రెండో సంగతి ఎత్తలేదు. నాకు మాత్రం గుర్తొచ్చింది.

రెండో గురువారం "అమెరికన్ యానిమల్స్", 2018, బార్ట్ లేటన్ సినిమా. ఈ వారం తెర మీద మాటలు కూడా వేశారు, వినికిడి తక్కువవాళ్ల కోసం అట. నాలాంటి వాళ్లకీ బాగా పనికొచ్చింది. నాలుగు వారాలూ వేయచ్చు కదా! ఇదీ నిజం కథే. 2004 డిసెంబరులో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో, ట్రాన్సిల్వేనియా యూనివర్సిటీ లైబ్రరీలో పాత, విలువైన పుస్తకాల మీద నలుగురు కాలేజీ కుర్రాళ్లు కన్నేశారు. అందులో ముఖ్యమైనది ఆడుబాన్ వేసిన అమెరికా పక్షుల బొమ్మల పుస్తకం. మనిషంత పొడవు ఉండే పేజీలు కాకపోయినా, ఒక్కడు మోయలేడు. కుర్రాళ్లు దొంగతనం ఎలా చేయాలో సినిమాలు చూసి నేర్చుకున్నారు. ముసలివాళ్ల వేషాలు కట్టారు. పెద్ద పుస్తకాన్ని మెట్ల మీద వదిలేసి, చేతికి దొరికినవి పట్టుకుని పరిగెత్తారు. వాటికి విలువ కట్టించుకోవడానికి న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలం సంస్థకి వెళ్లి, అక్కడ తమ సొంత ఫోన్ నంబరే ఇచ్చి వచ్చారు.

ముసలి వేషాల దగ్గర హాలు మళ్లీ నవ్వింది. కానీ ఈ దర్శకుడు గట్టివాడు. లైబ్రేరియన్‌ని షాక్ కొట్టే యంత్రంతో పడేసి కట్టేసేటప్పుడు నవ్వుని నోట్లోనే ఆపేస్తాడు. ఆవిడ భయం, వాళ్ల భయం, కాళ్లూ చేతులూ ఆడకపోవడం, అన్నీ దాచకుండా చూపిస్తాడు. నిజంగా ఆ నేరం చేసిన నలుగురూ ఇప్పుడు పెద్దవాళ్లయి కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. చివర్లో ఆ లైబ్రేరియన్ కూడా వస్తుంది. నలుగురికీ తలా ఏడేళ్లు పడింది, ఫెడరల్ జైలు. అంటే తెల్లపిల్లలకి శిక్షే పడదని ఎవరైనా అంటే తప్పు. పడుతుంది. నేను గమనించింది వేరే. ఆ నలుగురికీ ఈ సినిమాలో అమ్మానాన్నలున్నారు, బాల్యం ఉంది, బొమ్మలు వేసుకునే పిచ్చి ఉంది, నిద్రపట్టని రాత్రులున్నాయి. ఇలా ఎందుకు చేశావు నాయనా అని అడిగేవాడున్నాడు. హాలు కూడా చర్చలో అదే అడిగింది. ఇంత మంచి కుటుంబాల పిల్లలు, ఎందుకు చేసినట్టు? ముప్పై నిమిషాలూ ఆ "ఎందుకు" మీదే గడిచాయి.

మూడో గురువారం వెళ్లేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు.

మొదటి రెండు వారాలు టికెట్ చూసే అమ్మాయి ఒక్కతే ఉండేది. ఈసారి నల్లటి యూనిఫాం, నడుముకి వాకీటాకీ, పక్కన మడత బల్ల. బ్యాగులు తెరిచి చూపించమన్నారు. మా కందిపొడి డబ్బా బయటపడింది. గార్డు మూత తీసి వాసన చూసి తుమ్మాడు, మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆయన అరవై దాటిన నల్లజాతి పెద్దమనిషి. "ఏంటి సార్, ఇవాళేమైనా స్పెషలా?" అన్నాను. "నన్ను రమ్మన్నారు, వచ్చాను" అన్నాడు. గోడ మీద పోస్టర్ వైపు గడ్డంతో చూపించాడు. అంతకంటే ఏమీ అనలేదు.

ఆ పోస్టరు "మెనేస్ టు సొసైటీ"ది. 1993. అన్నదమ్ములు ఆల్బర్ట్, ఆలెన్ హ్యూస్ తీశారు. కవలలు, అప్పటికి వాళ్లకి ఇరవై ఒక్కేళ్లు. లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే పేట. సినిమా మొదలయ్యేది ఒక చిన్న షాపులో. కెయిన్, ఓడాగ్ అనే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు బీరు కొనడానికి వస్తారు. షాపు కొరియా దంపతులది. భార్య ఆ కుర్రాళ్ల వెనకే ఒక్కో వరసా తిరుగుతుంటుంది, ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ. భర్త త్వరగా కొనుక్కుని వెళ్లండి అంటాడు. వాళ్లు డబ్బిచ్చి వెళ్లిపోతుంటే ఒక మాట విసురుతాడు, మీ అమ్మని తలుచుకుంటే జాలేస్తోంది అని. ఓడాగ్ వెనక్కి తిరుగుతాడు, కాలుస్తాడు. తర్వాత ఆమెని లోపలికి లాక్కెళ్లి కెమెరా టేపు తీసుకుని, ఆమెనీ కాలుస్తాడు. బీరు కోసం వెళ్లి హత్య కేసులో పడ్డామని కెయిన్ గొంతు మామూలుగా చెబుతుంది. మొత్తం అయిదు నిమిషాలు పట్టదు.

ఆ సీనులో నాకు ఊపిరి ఆడలేదు. ఆ షాపు నాదే. ఆ వరసలు, ఆ కూలర్లు, మూలన వేలాడే గుండ్రటి అద్దం. మా ఆవిడ కూడా అచ్చం ఆ భార్యలాగే చిప్స్ పాకెట్లు సర్దుతున్నట్టు నటిస్తూ వెనకాల తిరిగేది. నేనే చెప్పేవాణ్ణి, "వెళ్లి చూడు" అని. ఎవరొచ్చినప్పుడు చెప్పేవాణ్ణో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్ల గురించి మన షాపులవాళ్లం తెలుగులో వాడే మాట ఒకటుంది, అది ఇక్కడ రాయను.

నాకు వెంటనే నేనే చచ్చిపోయినట్టు అనిపించింది. తర్వాత, నేనేదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది. ఈ రెండూ ఒకేసారి కలిగించే సినిమా నేను ఇంకోటి చూడలేదు. హ్యూస్ అన్నదమ్ములు ఆ షాపుని గాల్లోంచి తీయలేదు. 1991 మార్చి 16న అదే లాస్ ఏంజెలెస్‌లో లతాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి ఒక షాపులో నారింజ రసం సీసా తీసి బ్యాగులో పెట్టుకుంది. దాని ఖరీదు డాలరు 79 సెంట్లు. చేతిలో రెండు డాలర్లు ఉన్నాయి. గల్లా దగ్గరున్న కొరియన్ ఆమె దొంగతనం అనుకుంది. పెనుగులాట అయింది. పిల్ల సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంటే వెనక నుంచి తలలో కాల్చింది. ఇది జరిగింది రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు చితకబాదిన పదమూడు రోజులకి. ఆమె నేరం చేసిందనే జ్యూరీ తేల్చింది, పదహారేళ్ల దాకా వేయచ్చు. జడ్జి ఒక్కరోజు కూడా జైలు వేయలేదు. ప్రొబేషన్ (జైలు బదులు బయటే నిఘాలో ఉండటం), నాలుగు వందల గంటల సేవ, అయిదు వందల డాలర్ల జరిమానా. మన గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు నడిపేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో చూద్దామని ఆ వారం మా గ్రూపులో అడిగాను. ఒక్కరికీ తెలియదు. షాపుల్లో మనవాళ్లని కాల్చిన కేసులు మాత్రం ఒక్కొక్కటీ తేదీలతో సహా తెలుసు, అందులో తప్పు పట్టేదీ లేదు. మనవాళ్ల ఇళ్లకి శవపేటికలు వెళ్లాయి.

ఇక హాలు సంగతి. మొదటివారం ఎక్కడ పడితే అక్కడ పేలిన నవ్వు ఈవారం ఎక్కడా లేదు. సినిమాలో ఓడాగ్ ఆ టేపుని స్నేహితులకి వేసి చూపించి నవ్వుతుంటాడు, పేటలో అదొక సినిమాలా ఆడుతుంది. ఆ సీన్లో హాల్లో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. బ్లింగ్ రింగ్ పిల్లలు కూడా సరిగ్గా ఇదే చేశారు. ఎత్తుకొచ్చిన నెక్లెస్‌లు వేసుకుని ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. దానికి మేం నవ్వాం. ప్రాణం తీయడం, నెక్లెస్ తీయడం ఒకటేనా అంటే ఒకటి కాదు, ఆ తేడా నాకు తెలుసు. అయితే కెయిన్ ఆ షాపులో ఎవర్నీ కాల్చలేదు. వాడికి పద్దెనిమిదేళ్లు. తండ్రి ఎలా పోయాడో, తల్లి మత్తుకి ఎలా బలయిందో సినిమా చూపిస్తూనే ఉంది. చివర్లో వాడు నెత్తుటి మడుగులో ఉంటే నా వెనక వరసలో ఒకాయన "పోతే పోయాడు" అన్న ధోరణిలో ఒక మాటని నిట్టూర్చాడు. పాపం పిల్లలు అన్న గొంతు అదేనేమో అని వెనక్కి తిరిగి చూశాను. చీకట్లో పోల్చుకోలేకపోయాను.

ఆయన్ని అనడానికి నాకేం హక్కుందని తర్వాత అనిపించింది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగిన రోజు నేను స్టోర్‌లో మనవాళ్లందరికీ లడ్డూలు పంచాను. చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లుతున్న వీడియో పదిమందికి పంపాను. జరిగిన ఘోరం అలాంటిది, కోపం నిజం. 2022లో బయటికొచ్చిన కమిషన్ నివేదిక ఆ ఎన్‌కౌంటర్‌ని నమ్మలేదు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. అది మాత్రం నేను ఎవరికీ పంపలేదు.

చర్చకి వద్దాం. ఈ సిరీస్‌లో డబ్బు తిరిగి ఇమ్మనాలనిపించిన భాగం ఇదే. మొదటి రెండు వారాలు "ఎందుకు చేశారు" అని తవ్విన హాలు, ఈవారం "ఏం చేయాలి" అని అడిగింది. పోలీసులు, శిక్షలు, తుపాకుల చట్టం. "పిల్లలు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని మా అమ్మాయి తన ఫోన్‌లో రాసుకున్న సున్నా చూపించింది. తను మైకు తీసుకుని మాస్టార్ని అడిగింది, ఈవారమే గార్డు ఎందుకున్నాడు అని. ఆయన ఇబ్బందిగా నవ్వి, అది హాలు వాళ్ల నిర్ణయం, సినిమాల మీద మాట్లాడుకుందాం అన్నాడు. సినిమా మీదే కదా ఆ పిల్ల మాట్లాడింది.

ఆయన చెప్పిన ఒక్క సంగతి బాగుంది. యాభైల్లో "బ్లాక్‌బోర్డ్ జంగిల్" ఆడినప్పుడు ఇంగ్లండ్‌లో తెల్ల కుర్రాళ్లు హాళ్లలో డాన్సులు చేసి సీట్లు బ్లేడ్లతో కోసేశారట. దానికి అందరూ తిట్టింది ఆ సినిమాలో వినిపించే పాటని. రాక్ అండ్ రోల్ పాడుచేసింది అన్నారు. ఆ మాట ఇంకా తవ్వితే ఎంత బాగుండేది! టైమయిపోయిందన్నాడు.

ఒకాయన లేచి, మంచి ఇంటి పిల్లలకీ పేద ఇంటి పిల్లలకీ చట్టం ఒకటే అన్నాడు. ఈ ఊళ్లో కూర్చుని ఆ మాట అనడానికి గుండె కావాలి. మా పక్క కౌంటీ టారంట్‌లో 2013లో పదహారేళ్ల కుర్రాడు తాగి బండి నడిపి నలుగుర్ని చంపాడు. ఇంట్లో డబ్బు ఎక్కువై మంచిచెడ్డలు తెలియకుండా పెరిగాడని సైకాలజిస్టు కోర్టులో చెప్పి, దానికి "అఫ్లుయెంజా" అన్న పేరు వాడాడు. పదేళ్ల ప్రొబేషన్ ఇచ్చి పంపారు. తర్వాత వాడు తల్లితో కలిసి మెక్సికోకి పారిపోతే పట్టుకొచ్చారు, అప్పుడు రెండేళ్లు జైలు. ఆ మాటని మేమంతా చాలా ఏళ్లు జోకులా వాడుకున్నాం. మొన్న 2024లో పుణెలో పోర్షె కారుతో ఇద్దర్ని చంపిన పదిహేడేళ్లవాడిని 300 మాటల వ్యాసం రాయమని బెయిలిచ్చినప్పుడు మా స్టోర్ల గ్రూపులో మొదట వచ్చిన మెసేజ్ "అఫ్లుయెంజా ఇండియాకి కూడా వచ్చింది" అని. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ రాత్రి కారులో మా అమ్మాయికి రెండో సంగతి నేనే చెప్పాను. ఆ తెల్లమ్మాయిలు దొరికిన సంవత్సరమే, ఒక నల్లజాతి కుర్రాడు వచ్చాడు. పదమూడు, పద్నాలుగేళ్లుంటాయి. ఫోన్ చార్జర్ చేతిలో పట్టుకుని తలుపు దాకా వెళ్లి, ఎందుకో ఆగి, మళ్లీ లోపలికి వచ్చాడు. జేబులో పెట్టుకోబోతున్నాడని నాకు అనిపించింది. అనిపించడమే, చూడలేదు. నేను తల్లికి ఫోన్ చేయించలేదు. పోలీసుల్ని పిలిచే 911కి చేశాను. పోలీసు వచ్చి వాణ్ణి బయట కాలిబాట అంచున కూర్చోబెట్టి, జేబులు ఖాళీ చేయించాడు. పన్నెండు డాలర్లూ చిల్లరా బయటపడ్డాయి. చార్జర్‌కి సరిపోతాయో లేదో అని డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆగాడట. పోలీసు నా వైపు చూశాడు, నేను గల్లా వైపు చూశాను. ఆ పిల్లాడు మళ్లీ మా స్టోర్‌కి రాలేదు. వాడి మొహం ఎలా మాడిపోయిందో నేను ఎవరికీ అనుకరించి చూపించలేదు. మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. ఇంటి దగ్గర కారు దిగుతూ, "బ్లింగ్ రింగ్‌లో లీడర్ పిల్ల మొహం మనలాగే ఏషియన్ మొహం నాన్నా, అయినా జనం నవ్వారు, గమనించావా?" అంది. నేను గమనించలేదు. చర్మం ఒక్కటే కాదు, ఏ పేటలో ఏ ఇల్లు అన్నది కూడా కలిస్తేనే ఆ నవ్వు పుడుతుందని తన వాదం. నిజమే కావచ్చు. కానీ పదమూడేళ్లవాడు ఏ ఇంటి నుంచి వచ్చాడో నేను ఆ రోజు అడగలేదు.

నాలుగోవారం "బాయ్స్ ఎన్ ద హుడ్". జాన్ సింగిల్టన్ 1991లో, ఇరవై మూడేళ్ల వయసులో తీశాడు. ఆస్కార్‌కి ఉత్తమ దర్శకుడిగా నామినేట్ అయిన వాళ్లలో అందరికంటే చిన్నవాడు, మొదటి నల్లజాతి మనిషీ ఆయనే. 2019లో పోయాడు. ఈ సినిమా గురించి తక్కువే రాస్తాను, అందరూ రాసిందే. ఒక్క సీను. కథ మొదట్లో డోబాయ్ అనేవాడు చిన్న పిల్లాడు, పొట్ట కొంచెం ముందుకొచ్చి బొద్దుగా ఉంటాడు. షాపులో ఏదో ఎత్తుకున్నాడని పోలీసులు పట్టుకుంటారు. నేస్తం ఇంటికి తిరిగొస్తుంటే, పోలీసు కారు వెనక సీట్లో వాడు కనిపిస్తాడు. షాపువాడెవరో సినిమా చూపించదు. నేను వెతికాను. తర్వాత ఏడేళ్లకి కథ దూకుతుంది, ఆ పొట్ట పిల్లాడు జైళ్లు తిరిగిన కుర్రాడైపోతాడు, ఆ వేషం ర్యాపర్ ఐస్ క్యూబ్ వేశాడు.

గార్డు ఈవారమూ ఉన్నాడు. సినిమా మొదలయ్యాక వెనక గోడకి ఆనుకుని నిలబడి పూర్తిగా చూశాడు. ఆగినప్పుడు పలకరించాను. 1991 జులైలో ఈ సినిమా విడుదలైన వారం ఇదే డాలస్‌లో ఇంకో హాల్లో చూశాడట. అప్పటికి ఆయన ముప్పైలోపు. ఆ వారం అమెరికాలో చాలా హాళ్ల దగ్గర కాల్పులు జరిగాయి, కొన్ని హాళ్లు సినిమానే తీసేశాయి, కొలంబియా కంపెనీ అదనపు సెక్యూరిటీకి డబ్బిస్తామంది. ఆ గొడవలకి కారణమైన పరిస్థితులు నేను పుట్టించినవి కావని సింగిల్టన్ అన్నాడు. "అప్పుడు గార్డులు మా బ్యాగులు వెతికారు, ఇప్పుడు నేనే వెతుకుతున్నాను, గంటకి పద్దెనిమిది డాలర్లు" అని ఆయన నవ్వాడు. కందిపొడి కొంచెం అడిగి పుచ్చుకున్నాడు.

హాలు సగమే నిండింది. మొదటివారం నా ముందు వరసలో కడుపు పట్టుకుని నవ్విన జంట మూడోవారమూ రాలేదు, నాలుగోవారమూ రాలేదు. పాస్ డబ్బు కట్టి కూడా.

మేనేజరు కుర్రాడు మర్యాదస్తుడే, ఆ మాట దాచకూడదు. గార్డు గురించి నేను మెయిల్ రాస్తే రెండు రోజుల్లో జవాబిచ్చాడు. ఇలాంటి సినిమాలకి మొదటి నుంచీ అలవాటుగా పెడుతున్నామనీ, ఇన్నేళ్లలో ఒక్క గొడవా జరగలేదనీ రాశాడు. ఒక్క గొడవా జరగలేదు కాబట్టి గార్డు పనిచేస్తున్నట్టా, అక్కర్లేనట్టా? దానికి జవాబు రాలేదు.

అయిదుకి ఎన్ని ఇస్తానంటే, సినిమాల ఎంపికకి అయిదు. ఈ నాలుగింటినీ ఈ వరసలో పక్కపక్కన పెట్టినవాడెవడో బుర్ర ఉన్నవాడు. బొమ్మకి, సీట్లకి నాలుగున్నర. చర్చకి రెండు, అందులో ఒకటి ఆ సీట్లు కోసిన కథకి. పాప్‌కార్న్‌కి మీ కందిపొడిని బట్టి. గేటుకి మార్కులు వేయను.

చివరి రోజు బయటికొస్తుంటే కౌంటర్ దగ్గర వచ్చే సిరీస్ కాగితం ఇచ్చారు. సెప్టెంబరులో జపాన్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు నాలుగు, కత్తులు, తుపాకులు, తెగిన వేళ్లు అన్నీ ఉన్నాయి. పాస్ 48 డాలర్లకి పెంచారు. రెండు తీసుకుంటూ మేనేజర్ని అడిగాను, ఈసారి కూడా గార్డు ఉంటాడా అని.

"అబ్బే, వీటికి అక్కర్లేదండీ" అన్నాడు.